జంబో ఎందుకు అరిచింది?

ఆదివారం మధ్యాహ్నం వాన జోరందుకుంది. మడిలో నాట్లేస్తున్న వాళ్ళకి అంబలి ఇచ్చేసి, కనక, భాను ఖాళీ గిన్నెలతో ఊళ్ళోకి తిరిగొస్తున్నారు. ఇద్దరి నెత్తినా గిడుగులు. వెదురు బద్దల మధ్య అడ్డాకులు పేర్చి అల్లిన గిడుగు, తల మీంచి నడుం దాకా వీపంతా కప్పేస్తుంది. వెనక నుంచి చూస్తే రెండు తాబేళ్ళు లేచి నిలబడి నడుస్తున్నట్టుంది.

"మీ మావ కుక్క మనుసుల్ని సంపేత్తాదంట," అన్నాడు భాను. "మా అన్న ఫోన్‌లో సూసినాను. రాట్‌వీలర్ అంట దాని జాతి. ఆ జాతిని పెంచకూడదంట."

"ఫోన్‌లో ఉన్నాది మా జంబో ఏటి?"

"జాతి అదే కదే!"

కనకకి ఒళ్ళు మండింది. జంబో ఊరికి వచ్చి పదిహేను రోజులే అయింది. కనక మామ ధనుంజయ్ అరకులో ఒక రిసార్ట్‌లో తోటపని చేసేవాడు. రిసార్ట్ మూసేసి వెళ్ళిపోతూ దాని ఓనరు కుక్కని అక్కడే వదిలేశాడు. మామ దాన్ని జీపెక్కించి తెచ్చుకున్నాడు. నల్లటి ఒళ్ళు, కళ్ళ మీద రెండు గోధుమరంగు చుక్కలు, దూడంత బరువు. ఊళ్ళో అందరూ దాన్ని చూసి పక్కకి తప్పుకుంటారు. కనక కాళ్ళ మీద మాత్రం తల పెట్టుకుని పడుకుంటుంది.

"జంబో అలాటిది కాదు. దా, సూపిత్తాను," అంది కనక.

"నానొల్లను."

"భయమేటి?"

ఆ ఒక్క మాట చాలు. భాను గిడుగు సర్దుకుని ముందుకు నడిచాడు.

మామ ఇంటి వెదురు గేటు దగ్గర కనకకి ఒక మాట గుర్తొచ్చింది. 'నాను లేనప్పుడు గేటు తియ్యకు' అని మామ చెప్పాడు. మామ ఇప్పుడు మడిలో ఉన్నాడు. కానీ కనకకి జంబో అంటే గట్టి నమ్మకం. గేటు తీసింది.

జంబో వసారా స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది. వాళ్ళని చూడగానే లేచింది. వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుంది. గుండెలదిరేలా అరిచింది.

"జంబో! నానే! కనకని!"

జంబో వినలేదు. పళ్ళన్నీ బయటపెట్టి ఒక్క ఉరుకు ఉరికింది. గొలుసు బిర్రుగా సాగింది. భాను వెనక్కి వెనక్కి నడిచి, రాళ్ళ గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారింది. కనక నెత్తి మీది గిడుగు విసిరేసి పరిగెత్తి వాణ్ణి లేపింది. వాడి గిడుగు అప్పటికే ఎక్కడో పడిపోయింది.

వెనకాల అరుపు ఆగిపోయింది. ఆ సంగతి అప్పుడు కనక పట్టించుకోలేదు.

* * *

ఆస్పత్రి నర్సమ్మ భాను మోచేతికి పెద్ద కట్టు కట్టింది. సాయంత్రానికి భాను తాత స్వామి వాణ్ణి వెంటబెట్టుకుని కనక మామ ఇంటికొచ్చాడు. కనక అప్పటికే అక్కడుంది. ఊరికి పెద్ద ఆయనే. ఊళ్ళో గిడుగులన్నీ అల్లేదీ ఆయనే.

"దారంట పోతన్న పిల్ల గుంటల మీద పడిందటగదరా నీ కుక్క!" అన్నాడు.

"గొలుసు తెగలేదు పెద్దయ్యా. గేటు మాత్రం తీసుంది," అన్నాడు మామ, ఏమీ అర్థం కానట్టు.

భాను నేల చూశాడు. కనక భానుని చూసింది.

"గురువారం పొద్దు గూకక ముందు అందరం కూకుని మాటాడుకుందుము," అన్నాడు స్వామి తాత. "శుక్రవారం సంతకెల్లే జీపులో దాన్ని పంపించేద్దుము."

"ఎవరికిస్తాను పెద్దయ్యా? దీని పేరు సెప్తేనే జనం పారిపోతన్నారు. తీసుకున్నోడు ఏ ఘాట్ రోడ్డులోనో దింపేసి పోతాడు."

"ఊళ్ళో గుంటలకంటే కుక్క ఎక్కువేటిరా?"

మామ జంబో మెడ మీద చెయ్యేసి కూర్చున్నాడు. 'గేటు నానే తీసినాను' అన్న మాట కనక నాలుక చివరి దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

* * *

సోమవారం బడిలో భాను హీరో అయిపోయాడు. అందరూ ఆ కట్టుని ముట్టుకుని చూశారు.

"టీచర్, కొన్ని జాతుల కుక్కలు సెడ్డయి కదా? ఇళ్ళల్లో పెంచకూడదు కదా?" అని అడిగాడు.

ఉమామహేశ్వరి టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "నాకు పూర్తిగా తెలీదు భానూ. పెంచకూడదనేవాళ్ళు ఉన్నారు. తప్పు జాతిది కాదు, పెంచేవాళ్ళది అనేవాళ్ళూ ఉన్నారు. బాగా చదువుకున్నవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు."

టీచరుకి తెలీనిదా! పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరూ నవ్వింది.

"తెలీనప్పుడు నేనొక పని చేస్తాను. పుస్తకంలో పేజీకి మధ్య ఒక గీత గీస్తాను. ఇటు విన్నవి, అటు చూసినవి. మీరూ చేసి చూడండి. ఒక్కటే షరతు. విన్నది చూసినవైపు రాయకూడదు."

ఇంటికెళ్ళి కనక గీత గీసింది. విన్నవైపు చకచకా నిండిపోయింది. మనుషుల్ని చంపుతుంది. కరిస్తే వదలదు. పెద్దయ్యాక ఓనర్నే కరుస్తుంది. ఆ జాతికి పిచ్చి. పదకొండు వరుసలు!

చూసినవైపు మొదటి వరుసలో 'జంబో మంచిది' అని రాసింది. కాసేపు ఆలోచించింది. మంచిది అన్నది కంటికి ఎలా కనిపిస్తుంది? చెరిపేసింది. 'నా కాళ్ళ మీద తల పెట్టి పడుకుంది' అని రాసింది. పెన్సిలు కొరుకుతూ చాలాసేపు కూర్చుని, రెండో వరుస రాసింది. 'నా మీదికి ఉరికింది.'

రాయడానికి కష్టంగానే ఉంది. కానీ అదీ చూసిందే.

ఆ సాయంత్రం నుంచి రోజూ బడి కాగానే మామ ఇంటి కంచె అవతల బండ మీద కూర్చునేది. మామ అడిగితే 'టీచర్ రాయమంది' అనేది.

'సోమవారం. జంబో తినడం అయిపోయాక కోడి వచ్చి గిన్నెలో మెతుకులు తింది. జంబో చూసి ఆవలించింది.'

'మంగళవారం. జంబో తింటుంటే మామ గిన్నె జరిపాడు. గుర్రుమంది. మామ మీదే!' దీని కింద కనక రెండు గీతలు గీసింది.

'మంగళవారమే. మేక వచ్చి తోక వాసన చూసింది. జంబో స్తంభం చాటుకి పోయింది. మేకకే భయపడింది.'

బుధవారం వాన. కనక చెట్టు కిందికి జరిగి కూర్చుంది. మామ గొడుగేసుకుని గేటు తీస్తే జంబో తోకూపింది. కాసేపటికి పక్కింటి చిన్నమ్మి అత్త గిడుగేసుకుని దారంట వెళ్ళింది. జంబో గొలుసు తెగేలా అరిచింది.

"నీ కుక్క పాడుగానూ! దీన్ని బేగి పంపించెయ్యి నాయినా!" అని తిట్టుకుంటూ అత్త పరుగందుకుంది.

వాన తెరిపిచ్చింది. అదే చిన్నమ్మి అత్త అదే దారిన తిరిగొచ్చింది. గిడుగు ఆమె వీపుకి లేదు. దాన్ని చుట్టాల ఇంట్లో వదిలేసి, నెత్తిన ఉత్త గంప పెట్టుకుని వస్తోంది. జంబో ఒక చెవి ఎత్తింది. మళ్ళీ దించేసింది.

కనక పెన్సిలు ఆగిపోయింది.

అదే మనిషి. అదే దారి. అదే కుక్క. మరి తేడా ఏమిటి?

గబగబా ఇంటికి పరిగెత్తి తన గిడుగు తెచ్చింది. కంచె వెదురు మీద తగిలించి, తాను దూరంగా కూర్చుంది. జంబో దభాలున లేచి అరవడం మొదలుపెట్టింది. అక్కడ మనిషే లేడు. ఉత్త గిడుగు! కనక కర్రతో గిడుగుని కిందికి లాగి వెనక దాచింది. అరుపు ఆగింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ అరుపు.

మూడోసారి చెయ్యబోతూ జంబో కాళ్ళ వైపు చూసింది. ఆ కాళ్ళు వణుకుతున్నాయి. తోక కడుపు కిందికి పోయింది.

"నీకు కోపం కాదేటి?" అంది కనక నెమ్మదిగా. "భయమేటి?"

గిడుగు తీసుకెళ్ళి దూరంగా పొదలో పెట్టి వచ్చింది. రిసార్ట్‌లో గొడుగులుంటాయి, రెయిన్‌కోట్‌లుంటాయి. గిడుగులెక్కడుంటాయి? ఆదివారం జంబోకి కనపడింది కనక, భాను కాదు. తలల్లేని, చేతుల్లేని, పెద్ద వీపుల జంతువులు రెండు గేటు తీసుకుని లోపలికొచ్చాయి. తానేమో కట్టేసి ఉంది. ఎటూ పారిపోలేదు.

సంతోషంతో కనక ఎగిరి గంతేసింది. ఆ వెంటనే కూలబడింది.

ఈ మాట చెప్పాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి.

* * *

గురువారం సాయంత్రం స్వామి తాత వసారాలో పదిమందీ కూర్చున్నారు. తాత మాట్లాడుతూనే వెదురు బద్దలు అల్లుతున్నాడు. మామ ఒక మూల తల దించుకుని ఉన్నాడు.

"ఇంకేటి, రేపు జీపు ఎక్కించేద్దుము," అన్నాడు తాత.

"తాతా," అంది కనక.

అందరూ ఇటు తిరిగారు. బడిలో అటెండెన్స్ తప్ప ఇంతమంది ముందు కనక ఎప్పుడూ మాట్లాడలేదు. చంకలోని పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"గేటు నానే తీసినాను. భాను ఒల్లనన్నాడు. నానే తీసుకెల్లినాను. మావ లేకుండా."

మామ తలెత్తి చూశాడు. కనక అమ్మ ముందుకు జరిగి కూర్చుంది.

"దారిలోకి రాలేదు తాతా అది. మేమే లోనికెల్లేం," అన్నాడు భాను కూడా, కట్టున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని. "నాను నీకు నిజం సెప్పలేదు."

కనక చూసినవన్నీ చదివింది. కోడిది చదివింది, మేకది చదివింది. గుర్రుమన్నదీ వదల్లేదు. చివరికి గిడుగు దగ్గరికొచ్చేసరికి తాత చేతులు అల్లడం ఆపేశాయి.

"నా గిడుగుని సూసా?"

"అవును తాతా."

"నలభై ఏళ్ళబట్టి అల్లుతున్నాను. ఒక్కడూ భయపడ్డ పాపాన పోలేదు!" తాత గట్టిగా నవ్వాడు. అందరూ నవ్వారు.

అమ్మ మాత్రం నవ్వలేదు. "భయంతో కరిసినా కోపంతో కరిసినా కాటు కాటే కదా మావా. మీ కుక్క కర్రిగాడు పోస్టాయన పిక్క పట్టుకున్నాడు, నాలుగు రోజులు కుంటి ఊరుకున్నాడాయన. ఇంత కుక్క పట్టుకుంటే?"

అదీ నిజమే. కనక పుస్తకం తెరిచి ఆ మాట కూడా రాసుకుంది. ఎటువైపు రాయాలో తెలీక మధ్య గీత మీదే రాసింది.

"అయితే నువ్వేటంటావే గుంటా? ఆ జాతి మంచిదా, చెడ్డదా?" అని అడిగాడు తాత.

"తెలీదు తాతా," అంది కనక. "జంబో ఒక్కదాన్నే సూసినాను. అదీ నాలుగు రోజులే. ఇంకా సూడాలి."

స్వామి తాత బద్ద ఒకటి వేలికి చుట్టి విప్పాడు. చివరికి చెప్పాడు. నాట్లయ్యేదాకా చూద్దాం. ధనుంజయ్ తలెత్తు కంచె కట్టాలి. బయటికి తెస్తే మూతికి చిక్కం పెట్టాలి, ఎడ్లకి పెడతామే, అలాగ. ఆ చిక్కం తానే అల్లి ఇస్తాడు. ధనుంజయ్ లేకుండా ఎవరూ గేటు తియ్యకూడదు. "ముందు నువ్వు!" అని కనక వైపు వేలు చూపించాడు.

వెళ్ళబోతుంటే పాత గిడుగు ఒకటి మామ చేతిలో పెట్టాడు. "దూరంగా ఎట్టు. రోజుకింత దగ్గరికి జరుపు. పక్కన ఏదో తిండి ఎయ్యి. అదే అలవాటవుద్ది."

* * *

పది రోజుల తర్వాత మళ్ళీ వాన. కనక, భాను అంబలి గిన్నెలతో మామ ఇంటి ముందుకొచ్చారు. కొత్త కంచె పచ్చి వెదురు వాసనేస్తోంది.

కనక గేటు మీద చెయ్యి వెయ్యలేదు. "మావా! రావచ్చా?" అని పిలిచింది.

"ఉండండి, వత్తన్నాను!" అని లోపల్నుంచి మామ.

కనక తల మీది గిడుగు తీసి నేల మీద పెట్టింది. వాన చుక్కలు నెత్తి మీద టపటపా పడ్డాయి. భాను ఒకసారి ఆకాశంలోకి చూసి, వాడూ తీసేశాడు. ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు.

మామ గొలుసు పట్టుకుని జంబోని గేటు దాకా తెచ్చాడు. మూతికి తాత అల్లి ఇచ్చిన చిక్కం. జంబో కంచె సందులోంచి గిడుగు వైపు మెడ సాచింది. వాసన చూసింది. ఒక పెద్ద తుమ్ము తుమ్మింది.

"అయిపోనాది! ఇంకేటి, పద!" అంటూ భాను అడుగు ముందుకేశాడు.

కనక వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆగు," అంది. "అదింకా మనల్ని సూత్తన్నాది."