ఎడమ చెయ్యి కొలత

“ఈ ఇరవై మిలిటరీ కోట్లకీ ఎడమ చెయ్యి పొట్టే! సైనికులంటే మీకు ఎగతాళిగా ఉందా? సాయంత్రం లారీ వచ్చేలోగా సరిచేయకపోతే రేపటి నుంచి మీ ఇంటికి గుడ్డ రాదు!”

కుట్టు కేంద్రం సూపర్‌వైజరమ్మ మూటను గడపలో పడేసి వెళ్లిపోయింది. కోడలు మూట విప్పి చూసింది. భర్త యుద్ధానికి వెళ్లిన ఈ ఏడు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ పనివల్లనే! మిషను మీద కోట్లు కుట్టేది తను... చేతుల అంచులు మడిచి కుట్టేది అత్తగారు.

“ఎందుకిలా చేశారత్తయ్యా? నా మీద కోపముంటే నన్ను తిట్టండి... నోటికాడి కూడు తన్నేస్తారా?”

అత్తగారు తల దించుకుంది. “అబ్బాయి ఎడమ చెయ్యి వేలెడు పొట్టి కదమ్మా... ఏడేళ్లప్పుడు గోడ మీంచి పడ్డాడు, కట్టు సరిగా కుదర్లేదు. వీటిలో ఏ కోటు వాడికి చేరుతుందో మనకేం తెలుసు? అందుకే అన్నిటికీ...”

కోడలి కోపం నీరుగారిపోయింది. పెళ్లైన పన్నెండో రోజునే ఆయనకు పిలుపు వచ్చింది. ఆ పన్నెండు రోజులూ ఆయన చొక్కా చేతులు మోచేతిదాకా మడిచే ఉండేవి...

“అదేదో సోకనుకున్నాను!”

“సోకా, నా మొహమా! నువ్వు నవ్వుతావని దాచాడు, పిచ్చి సన్నాసి!”

“మరి సైన్యంలో ఎలా తీసుకున్నారు?”

“పళ్లు లెక్కపెట్టారు గానీ చేతులు కొలవలేదు!”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కోడలు భోరుమంది. “కట్టుకున్న మనిషి చెయ్యి పొట్టిదని కూడా నాకు తెలియదు! ఇంకా ఎన్ని తెలియవో... రేపు ఆయన...”

అత్తగారు గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “వస్తాడు! వచ్చేదాకా చెప్పడానికి నేనున్నానుగా. ముందు ఆ కత్తెర ఇలా ఇవ్వు.”

అత్తగారు కుట్లు విప్పుతూ చెప్పింది. కోడలు మళ్లీ కుడుతూ వింది. రైలు కూత వినబడితే అన్నం దగ్గర్నుంచి లేచి పరిగెత్తేవాడట. చీకటంటే హడలట! ఎనిమిదో ఏట తండ్రి పోయిన మర్నాడు, తను ఏడవకుండా, మంచం దిగని తల్లికి వంకరటింకరగా జడ వేశాడట...

లారీ హారన్ మోగేసరికి ఇరవయ్యో కోటు పూర్తయింది. సూపర్‌వైజరమ్మ టేపు పెట్టి ఒక్కొక్కటే కొలిచింది. కొత్త గుడ్డల మూట కోడలి చేతిలో పెట్టింది.

కోడలు ఆ మూటను పక్కన పడేసి, అత్తగారి పక్కన చతికిలబడింది.

“ఎనిమిదో ఏట దగ్గర ఆపేశారు అత్తయ్యా... తర్వాత?”