చెప్పని అంశం

“సుభా, వచ్చేసింది! ఇద్దరికీ వచ్చేసింది!”

ఫోను కింది వాటా ఆంటీ వాళ్ళది. రిసీవరు పట్టుకున్న సుభాషిణి చేతికి ఇంకా దోశల పిండి అంటుకునే ఉంది. ఎదురుగా సోఫాలో ఆంటీ కూర్చుని చూస్తోంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే గంతులు వేసేది.

“వీసానా? నిజంగానా? నాక్కూడానా?”

“నీకు లేకుండా నేనొక్కణ్ణీ వెళ్ళి ఏం చేస్తాను? ఇక్కడ ఆఫీసులో అందరూ లడ్డూలు తినేస్తున్నారు. మమ్మీకి చెప్పు. డాడీకి నేనొచ్చి చెప్తాను.” జయానంద్ గొంతులో నవ్వు ఆగడం లేదు.

పెళ్ళయి నాలుగు నెలలు. ఏలూరు నుంచి ఢిల్లీ రావడమే సుభాషిణికి పెద్ద ప్రపంచయాత్ర. పాలం కాలనీలో ఆ మేడమీది వాటాలో ఆమెకు అన్నీ అపురూపమే. సరోజినీ నగర్‌లో బేరమాడి కొన్న నీలం కప్పులు, భర్త చొక్కా పక్కన తన చీర ఆరేసిన తాడు, డాబా మీద నిలబడితే తల తగిలేంత కిందుగా వెళ్ళే విమానాలు. విమానం కనిపించినప్పుడల్లా చెయ్యి ఊపేది. “అందులో వాళ్ళకి నువ్వేం కనపడతావే?” అని జయానంద్ ఏడిపించేవాడు. ఇప్పుడు తనే అందులో కూర్చుని కిందకి చూడబోతోంది.

జయానంద్ ఒక క్రైస్తవ మిషన్ సంస్థలో పనిచేస్తాడు. కటవారియా సరాయ్‌లో అద్దె గదుల్లో ఉంటూ పరీక్షలకు చదివే కుర్రాళ్ళ మధ్య తిరగడం అతని పని. గిటారు నేర్పుతాడు. దిగులుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగుతాడు. అడిగినవాళ్ళతో కలిసి ప్రార్థన చేస్తాడు. జాంబియాలో ఒక సంఘం వారు అలాంటి జంట కావాలని అడిగారు. రెండేళ్ళు అక్కడి యువకులతోను, జైళ్ళలో ఉన్నవాళ్ళతోను పని. ఖైదీల భార్యలకు కుట్టుపని, పిల్లలకు పాటలు నేర్పడం సుభాషిణి వంతు.

ఆమె రెండేసి మెట్లెక్కుతూ పైకి పరుగెత్తింది. అత్తగారు దయామణి మంచం మీద వార్తాపత్రిక పరుచుకుని మెంతికూర వలుస్తోంది.

“అత్తయ్యా! వీసా వచ్చింది!”

“దేవునికి స్తోత్రం తల్లీ,” అంది దయామణి. కోడల్ని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత ఒక మెంతి రెమ్మని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది. “అక్కడి జైళ్ళలో లోపలి దాకా వెళ్ళనిస్తారా అమ్మా? పక్కన కూర్చుని మాట్లాడనిస్తారా?”

“వెళ్ళనిస్తారట. అందుకేగా వెళ్ళేది!”

“చెయ్యి పట్టుకోనిస్తారా?”

వింత ప్రశ్న అనుకుంది సుభాషిణి. అయినా ఆ పూట ఆమెకు ఏ ప్రశ్నా ఎక్కువసేపు బుర్రలో నిలవలేదు.

ఆ రోజు మంగళవారం. పాలం చుట్టుపక్కల ఉండే తెలుగు ఆడవాళ్ళ ప్రార్థన కూడిక వాళ్ళింట్లోనే. ఎక్కువమంది మిలటరీ వాళ్ళ భార్యలు. పాటలు అయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్తారు: ఒకరికి భర్త బదిలీ, ఒకరికి కూతురి పరీక్ష, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పి. పైకి చెప్పలేనిది ఏదైనా ఉంటే ఊరికే చెయ్యెత్తుతారు. దాన్ని చెప్పని అంశం అంటారు. అదేమిటని ఎవరూ అడగరు. అందరూ దాని కోసం కూడా ప్రార్థిస్తారు.

దయామణి ప్రతి మంగళవారం చెయ్యెత్తేది. కొత్తలో సుభాషిణికి అర్థం కాలేదు. తర్వాత తనకు తనే అర్థం చెప్పుకుంది. కోడలు ఇంటికొచ్చింది, అత్తగారికి ఇంకేం కోరిక ఉంటుంది? అలా అనుకున్నప్పటి నుంచి, అత్తగారి చెయ్యి లేవగానే సుభాషిణి తలదించుకుని సిగ్గుపడుతూ ముసిముసిగా నవ్వుకునేది.

ఆ రోజు కూడా దయామణి చెయ్యి లేచింది. సంతోషం పట్టలేక సుభాషిణి గబుక్కున అనేసింది:

“అత్తయ్యా, మీ చెప్పని అంశం నాకు తెలుసులెండి! మనవడి కోసమేగా? మేము తిరిగొచ్చేదాకా ఆగక్కర్లేదు, దేవుడిస్తే అక్కణ్ణుంచే ఎత్తుకొస్తాం!”

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే దయామణి ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భానుమతి ఆంటీ, వాళ్ళ కుటుంబానికి పాత స్నేహితురాలు, నెమ్మదిగా కళ్ళద్దాలు తీసింది. “ఇంకా ఈ పిల్లకి చెప్పలేదా వీళ్ళు?” అని తనలో తను అనుకున్నట్టుగా అంది.

“ఏం చెప్పలేదు ఆంటీ?”

మిగతావాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళేదాకా ఆగి, భానుమతి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. “నీకొక మరిది ఉన్నాడమ్మా. విమల్. చిన్నోడు. పాటలు బాగా పాడేవాడు. ఇక్కడే, ఢిల్లీ జైల్లో ఉన్నాడు. మూడేళ్ళయింది.”

నీలం కప్పుల్లో టీ మీద మీగడ కట్టింది. సుభాషిణి వాటినే చూస్తూ కూర్చుంది. ఈ ఇంట్లో మంచాలెన్నో ఆమెకు తెలుసు. కంచాలెన్నో తెలుసు. ఇంకో కొడుకున్నాడని తెలియదు.

*

మధ్యాహ్నం జయానంద్ లడ్డూల డబ్బాతో వచ్చాడు. అప్పటికి మామగారు ఆశీర్వాదం కూడా డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నారు. ఆయన ఆర్మీలో సుబేదారుగా రిటైరై ఒక గోడౌను దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నారు. ఇంట్లో కూడా బూట్లు గోడకి సమానంగా పెట్టే మనిషి.

“అరే, ఏంటి అందరూ ఇలా ఉన్నారు? డాడీ, ముందు నోరు తీపి చేసుకోండి!”

“విమల్ ఎవరండీ?” అంది సుభాషిణి.

డబ్బా మూత సగం తెరిచిన అతని చేతులు అలాగే ఆగిపోయాయి.

“మా నాన్నకి చెప్పారా పెళ్ళికి ముందు?”

“సుభా, అది... చెప్దామనే అనుకున్నాం. సంబంధం తప్పిపోతుందేమోనని...”

“నేను వద్దన్నానమ్మాయ్,” అన్నారు ఆశీర్వాదం. గొంతు పెంచలేదు. “వాణ్ణి తిట్టకు. తప్పు నాది. ఎవరు అడిగినా నాకు ఒక్కడే కొడుకని చెప్పాను. నీకు మోసం జరిగిందనుకుంటే మీ నాన్నకి రాయి. నేను కాదనను.”

“ఒక్కడే ఎలా అవుతాడు మామయ్యా?”

“అవుతాడు. నేను అనుకుంటే అవుతాడు. ఇంకొకడితో కలిసి మోటార్ సైకిల్ మీద వెళ్ళి ఒక ముసలామె మెళ్ళో గొలుసు లాగాడు. ఆమె రోడ్డు మీద పడింది. తుంటి విరిగింది. మళ్ళీ నడవలేదా మనిషి. నేను ఆస్పత్రికి వెళ్ళాను, ఆమె కాళ్ళ దగ్గర నిలబడ్డాను. గొలుసు తీశాడని కాదు నా బాధ. పడిపోయిన మనిషిని అలా వదిలేసి పారిపోయాడు. నా కడుపున పుట్టినవాడు ఆ పని చెయ్యడు.”

సుభాషిణి భర్త వైపు తిరిగింది. ఈ మనిషి గిటారు పట్టుకుంటే గదిలో కుర్రాళ్ళందరి ముఖాలు వెలిగేవి. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఒక అబ్బాయిని ఈయనే రైలెక్కించి తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ సంగతి ఏలూరులో అందరికీ గొప్పగా చెప్పుకుంది తను.

“మీరు వెళ్ళారా? ఒక్కసారైనా?”

జయానంద్ డబ్బా కింద పెట్టాడు. “లేదు.”

“మామయ్యగారు వద్దన్నారనా?”

“అలాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు.” అతను గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. “వాడు ఒక గ్యాంగుతో తిరగడం మొదలుపెట్టినప్పుడు నేను రోజూ కటవారియా సరాయ్‌లోనే ఉన్నాను సుభా. ఊళ్ళో అందరి తమ్ముళ్ళూ ఏం తిన్నారో, ఎందుకు దిగులుగా ఉన్నారో నాకు తెలుసు. వాడు మాత్రం ‘అన్నయ్యా, ఇవాళ ఇంట్లో ఉంటావా?’ అనేవాడు. నేను ‘ఆదివారం చూద్దాంరా’ అనేవాణ్ణి. వాడి ముఖం చూసి ఏమని మాట్లాడను?”

పైన విమానం వెళ్తే కిటికీ అద్దాలు గడగడలాడాయి. సుభాషిణి తల ఎత్తలేదు.

“ఆదివారం మనల్ని గుడిలో ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటారు,” అంది నెమ్మదిగా. “జైల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి దేవుడు మమ్మల్ని పంపుతున్నాడని చెప్పాలి. నా నోట్లోంచి ఆ మాట రాదండీ. సముద్రం దాటి వెళ్ళి ఎవరి అన్నదమ్ముల చెయ్యో పట్టుకుంటాం. వాళ్ళు మీకు తమ్ముడున్నాడా అని అడిగితే? ఆయన్ని చూడకుండా నేను జాంబియా రాను. కోపంతో అనడం లేదు. మీతో కలిసి ఎక్కడికైనా వస్తాననే అనుకున్నాను. దీనికి మాత్రం రాలేను.”

“అమ్మాయ్, ఈ ఇంట్లో ఆ విషయం...” అని ఆశీర్వాదం లేవబోయారు.

“కూర్చోండి.”

ఆ మాట దయామణిది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆయనకు ఎదురు చెప్పిన మనిషి కాదు.

“పడిపోయిన మనిషిని వదిలేసి వచ్చాడని వాణ్ణి కాదనుకున్నారు. వాడూ పడిపోయాడు కదండీ. మనమేం చేశాం? మనమూ వదిలేసి వచ్చేశాం.” దయామణి ఆపలేదు. “చలికాలం వస్తే వాడికి స్వెట్టరుందో లేదో నాకు తెలీదు. కూడికలో పిల్లల పేర్లు చెప్పి ప్రార్థిస్తుంటే నేను చెయ్యెత్తి కూర్చుంటాను. నా బిడ్డ పేరు దేవుడి ముందు కూడా చెప్పుకోలేకపోయాను!”

ఆశీర్వాదం లేచారు. బూట్లు వేసుకున్నారు. లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

*

సాయంత్రమయ్యింది. లడ్డూలు ఎవరూ ముట్టలేదు. జయానంద్ డాబా మీద కూర్చుని ఉన్నాడు. సుభాషిణి వెళ్ళి పక్కన కూర్చుంది. కోపం పోలేదు, కానీ అతను ఒంటరిగా కూర్చోవడం చూడలేకపోయింది.

“సుభా, నన్ను వదిలేస్తావా?”

“పిచ్చా మీకు? పాటలు ఏవి పాడేవాడో చెప్పండి మా మరిది.”

అతను చెప్పబోయి ఏడ్చేశాడు. ఆమె అతని తల భుజానికి ఆనించుకుంది.

చీకటి పడుతుండగా కింద గేటు చప్పుడైంది. అందరూ ముందుగదిలో చేరారు. అత్తగారి పక్కన కూర్చుని సుభాషిణి ధైర్యం చెప్తున్నట్టుగా, కాస్త గట్టిగానే అంది: “రేపు మేమిద్దరం ఎలాగైనా వెళ్తాం అత్తయ్యా. పొద్దున్నే లేచి గారెలు చేస్తాను. మరిదికి గారెలంటే ఇష్టమని ఈయన చెప్పారు.”

“వండినవి లోపలికి రానివ్వరు,” అన్నారు ఆశీర్వాదం గుమ్మంలోంచి.

ముగ్గురూ అటు తిరిగారు. ఆయన చేతిలో ఒక సంచి ఉంది. “పళ్ళు తీసుకుంటారు. అరటిపళ్ళు తెచ్చాను. పైజమాకి నాడా ఉండకూడదు, ఎలాస్టిక్ ఉండాలి. ఖైదీల్ని కలవనిచ్చే ములాఖాత్ బుధవారం. రేపే.”

“మీకెలా తెలుసండీ?” అంది దయామణి.

ఆయన సంచి బల్ల మీద పెట్టారు. అరటిపళ్ళ పక్కన కొత్త పైజమా, బూడిదరంగు స్వెట్టరు ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నారు గానీ వీపు వెనక్కి ఆన్చలేదు.

“వెళ్ళాను. చాలాసార్లు వెళ్ళాను. డ్యూటీ అని మీకు చెప్పి వెళ్ళేవాణ్ణి. లైన్లో నిలబడి కిటికీ దాకా వెళ్తే, లోపలివాడు పేరు రాసుకుని అడుగుతాడు, ‘కౌన్ లగ్‌తా హై తుమ్హారా?’ అని. నీకేమవుతాడు అని.” ఆయన బల్ల మీది అరటిపళ్ళ వైపు చూశారు. “బెటాలియన్ మొత్తం వినేలా ఆర్డర్లు ఇచ్చినవాణ్ణి. ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు దయా. వెనకవాళ్ళు తోస్తుంటే పక్కకి జరిగి వచ్చేసేవాణ్ణి. తెచ్చిన పళ్ళు బస్టాపులో ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాణ్ణి.”

దయామణి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన మోకాలి మీద తల ఆన్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీద, ఎలా పెట్టాలో మరిచిపోయినట్టు, తడబడుతూ వాలింది. జయానంద్ తండ్రి పాదాల దగ్గరకొచ్చాడు. సుభాషిణికి కళ్ళు మసకబారి బల్ల మీద పళ్ళు కూడా కనిపించలేదు. పొద్దుట తను సిగ్గుపడుతూ నవ్వుకున్న ఆ ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. ఇదే ఇంట్లో ఇంకో చెప్పని అంశం ఈయన బూట్లేసుకుని ఒక్కరే మోశారు.

రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఎప్పుడూ ఆశీర్వాదమే చేస్తారు. ఆ రోజు కూడా ఆయనే చేశారు. సంఘం కోసం, జాంబియా ప్రయాణం కోసం, ఆ ముసలామె కోసం చేశారు. తర్వాత ఆగారు.

“మా విమల్‌ని...” అన్నారు. అంతకన్నా ముందుకి పోలేదు. దయామణి ‘ఆమెన్’ అంది. అందరూ ఆమెన్ అన్నారు.

తర్వాత ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కోడలి వైపు తిరిగి, సుబేదారు గొంతుతోనే చెప్పారు. “అమ్మాయ్, మీ నాన్నకి ఎల్లుండి నేనే ఫోన్ చేసి అంతా చెప్తాను. ఆయన ఏమన్నా పడతాను. రేపు మాత్రం ఏడింటికల్లా ధౌలా కువాన్‌లో బస్సు మారాలి. లోపలికి ముగ్గుర్నే వదులుతారు. మీ అత్తయ్య, జయ, నువ్వూ వెళ్ళండి.”

“నేను గేటు దగ్గర ఉంటాను మామయ్యా,” అంది సుభాషిణి. “వదిన బయట నిలబడి ఉందని చెప్పండి, చాలు. వచ్చే బుధవారం నా వంతు. మీరు వెళ్ళండి.”

ఆయన కాదనలేదు. సంచిలో స్వెట్టరు మడత సరిచేశారు, పళ్ళు నలగకుండా పైన పెట్టారు.

“సరే. అయితే ఒక మాట. ఆ కిటికీ దగ్గర వాడు అడిగినప్పుడు మీరెవరూ నోరు తెరవకండి,” అన్నారు. “రేపు నేనే చెప్తాను.”