విత్తిన మడి దాటిన ముగ్గురు

"మేడమ్, రేపు నన్ను పోలీసులు పట్టుకపోతరు," అంది జెనీఫర్, కుర్చీలో కూర్చోకుండానే.

మైత్రీవనం వెనక, కోచింగ్ బోర్డుల నడుమ డిటెక్టివ్ స్వరాజ్యం ఆఫీసు. పంజాగుట్టలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జెనీఫర్ అకౌంటెంట్. ఆర్డర్లు పడిపోయి సగం మందిని తీసేసిన ఏడాదే, విదేశీ క్లయింటు పట్టుబట్టాడని ఎండీ విజయేందర్ కార్బన్ క్రెడిట్లు కొన్నాడు. కంపెనీ వల్ల పుట్టే పొగకు బదులుగా ఎక్కడో కొత్తగా టేకు పెంచుతున్నట్టు లెక్క. ఆ టేకు ముప్పై ఏళ్ల నాటిదని క్లయింటు పసిగట్టాడు. అమ్మిన సంస్థకు పేరే తప్ప మనిషి లేడు. ఆ తోటను తనిఖీ చేసినట్టు చూపే వీడియో మాత్రం జెనీఫర్ సంతకంతో ఉంది.

"గా తోటకు నేను పోనే లేదు మేడమ్. సంతకం పెట్టమన్నరు, పెట్టిన. లేకుంటే నన్ను సుత తీసేస్తుండె."

స్వరాజ్యం వీడియో చూసింది. విత్తిన తడి చేను దాటి గట్టు మీది టేకు దాకా వెళ్లిన కెమెరా ఒక్క క్షణం వెనక్కి తిరిగింది. చేనులో ఒకే మనిషి అడుగులు. కాలివేళ్లు విడివిడిగా పడ్డాయి.

"ఏం కనిపించింది నేతన్?"

"చెట్లు," అన్నాడు అసిస్టెంటు. ఆమె తెర మీది అడుగులను వేలితో చూపింది. ఆ నిశిత దృష్టి ముందు నేతన్ ఎప్పుడూ చిన్నబోయేవాడు. అయినా దాన్నే ఆరాధించేవాడు.

జెనీఫర్ తప్పు ఒప్పుకుంటుందని కబురంపి, మర్నాడు పొద్దున ఆమెతో పాటు ఎండీని, మేనేజర్‌ను తన డాబా మీదికి పిలిపించింది స్వరాజ్యం. అక్కడ గోడ నుంచి గోడ దాకా ఆకుకూరల మడి. అప్పుడే మెంతులు చల్లి తడిపారు. కుర్చీలు అవతలి పక్కన ఉన్నాయి.

జెనీఫర్ చెప్పులతోనే దాటింది. పొలం ఎరుగక, నగరంలోనే మాసబ్ ట్యాంక్ క్వార్టర్లలో పెరిగిన మేనేజర్ వివేక్ బూట్లతో తొక్కుకుంటూ వచ్చాడు. వెనక విజయేందర్ తిడుతూనే ఉన్నాడు.

"జీతమిచ్చి దొంగను సాకిన! ఠాణాల కూసుంటే తెలుస్తది నీకు. గా జాగ ఏ దిక్కున్నదో సుత నాకు తెల్వది!"

అతను కూర్చున్నాక స్వరాజ్యం నెమ్మదిగా అడిగింది. "మీ బూట్లేవి విజయేందర్ గారూ?"

అతను కాళ్లు చూసుకున్నాడు. నిండా మట్టి. బూట్లు మడి అవతలే ఉన్నాయి, పక్కపక్కన. తిట్లు ఆగిపోయాయి.

"విత్తిన నేలను చెప్పుకాలితో తొక్కొద్దని మీకు ఇంట్లో నేర్పారు. మీరు మరిచారు, మీ కాళ్లు మరవలేదు. వీడియోలో నడిచిందీ అలా పెరిగిన మనిషే. వీళ్లిద్దరూ కారు. లేని సంస్థ పేరుతో మీ చెట్లు మీరే కొని, కంపెనీ సొమ్ము ఇంటికి మళ్లించారు. ఆ చేను ఎవరిదో రెవెన్యూ ఆఫీసులో అడగమంటారా?"

"మా నాయిన పెట్టిన చెట్లవి!" అరిచాడు విజయేందర్. "గాలి ఇస్తలేవా? అబద్ధమా?"

"ముప్పై ఏళ్లుగా ఇస్తున్నాయి. మీరు కొత్త గాలి అని అమ్మారు. జీతాలకు లేవన్న డబ్బుతోనే కొన్నారు."

వివేక్ కుర్చీని దూరంగా జరుపుకున్నాడు. జెనీఫర్ లేచింది. చెప్పులతోనే మడి దాటి, బూట్లు తెచ్చి, విజయేందర్ ముందు పడేసింది.

"ఏస్కోండి సార్. ఠాణా దాకా నడువాలె."