వీబె బిళ్ళ ఎవరు తిప్పారు?

ఓడ లంగరు దించిన చప్పుడుకి వీబెకి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచేసరికి ఆయన మేజోళ్ళు చేత్తో పట్టుకుని మంచం అంచున భార్య నింకె కూర్చుని ఉంది.

“కాళ్ళు ఇటు పెట్టు.”

“మేజోళ్ళు నేను తొడుక్కోలేనా?”

“ఎందుకు తొడుక్కోలేవూ! ఈలోగా ఒడ్డునున్న పెంగ్విను పిల్లలకి పెళ్ళీడొస్తుంది. పెట్టు.”

వీబె కాళ్ళు పెట్టాడు. ఉద్యోగమంతా లెమ్మర్ ఊళ్ళో ఎత్తే వంతెన కాపలాదారుగా చేసిన మనిషి. పడవ వచ్చిందంటే వంతెన లేచేది, ఎంతటివాడి కారైనా సరే ఆగాల్సిందే. అలాంటివాడు కిందటేడు ఆకురాలే కాలంలో వంటింట్లో పడిపోయాడు. ఎడమ చెయ్యి సగం చచ్చుబడింది. ఆరోజు నుంచి ఆయన రొట్టెకి వెన్న రాయడం, కోటు జిప్పు లాగడం, డాక్టరుకి జవాబులు చెప్పడం, అన్నీ నింకె పనులే. ఆమె చేసే పని ప్రేమతో చేసేదే. కానీ ప్రేమగా చేసినా సరే, కాఫీలో చక్కెర కూడా మరొకరే కలిపిపెడుతుంటే మగాడికి ఒళ్ళు మండదూ!

తలుపు తోసుకుని కూతురు డౌట్సెన్ వచ్చింది. “లేచావా నాన్నా? రాత్రి నిద్ర పట్టిందా? మాత్రలు వేసుకున్నావా?”

“మీ అమ్మనడుగు. నా నిద్ర కూడా ఆవిడే పోతోంది,” అన్నాడు వీబె.

డౌట్సెన్ నవ్వలేదు. తండ్రిని ఊరికి దూరంగా ఉన్న వృద్ధాశ్రమంలో చేర్పించాలని ఆర్నెల్లుగా పట్టుబడుతోంది. గది కూడా చూసిపెట్టింది. “ఆ కిటికీలోంచి కనపడేది కార్లు నిలబెట్టే చోటు. కాలవ లేదు, వంతెన లేదు. అక్కడ కూచుని ఏం చూడను, చక్రాలా?” అన్నది ఆయన బాధ. పెంగ్విన్లని చూడ్డానికి ఈ ఓడెక్కిన రోజే తండ్రీ కూతుళ్ళ మధ్య పందెం పడింది. పెంగ్విన్ల దగ్గరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి రావాలి. వస్తే ఆశ్రమం మాట ఇక ఎత్తకూడదు. రాలేకపోతే నోరు మూసుకుని ఆ గదికి వెళ్ళాలి. పడవ దిగేటప్పుడు నావికుడిచ్చే చెయ్యి లెక్కలోకి రాదు, అది కుర్రాళ్ళకీ ఇస్తారు.

ఓడ మెట్ల దగ్గర గోడకి ఒక పలక ఉంది. అందులో ప్రయాణికుడికో బిళ్ళ. ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు ఎర్రవైపుకి తిప్పాలి, తిరిగొచ్చాక తెల్లవైపుకి తిప్పాలి. అన్నీ తెల్లగా ఉంటే అందరూ వచ్చేసినట్టు.

నింకె తన బిళ్ళ ఎర్రవైపుకి తిప్పింది. అదే ఊపులో పక్కనున్న వీబె బిళ్ళ కూడా తిప్పేసింది.

“అది నాది,” అన్నాడు వీబె.

“తెలుసు. వెనక జనం ఆగారు, నడువు.”

రబ్బరు పడవ దిగగానే ముందు వాసన కొట్టింది, ఆ తర్వాత చప్పుడు. కొండ మొదలు నుంచి సముద్రం దాకా రాజ పెంగ్విన్లు. నేలే కనపడలేదు. ఎక్కడ చూసినా నల్లటి వీపులు, నారింజరంగు మెడలు, మధ్య మధ్య గోధుమరంగు బొచ్చుతో బస్తాల్లాంటి పిల్లలు. ప్రతి పిల్లా ఈల వేస్తోంది, ప్రతి తల్లీ బూరా ఊదుతోంది.

“అమ్మో, ఇదేం గోలే తల్లీ!” అంది నింకె చెవులు మూసుకుంటూ. మొహం మాత్రం వెలిగిపోతోంది.

గైడు నియమాలు చెప్పాడు. జెండాలు పాతిన దారి దాటకూడదు. కింద కూర్చోకూడదు. పెంగ్విన్లకి ఎడంగా ఉండాలి. అవే దగ్గరికొస్తే కదలకుండా నిలబడాలి. దారి ఎప్పుడూ వాటిదే.

“మంచి నియమం,” అన్నాడు వీబె. ఆ రోజు ఆయనకి నచ్చిన మొదటి మాట అది.

కర్ర ఊతంతో మెల్లగా నడిచి గుట్ట మీదికి చేరాడు. డౌట్సెన్ నీడలా వెనకే వచ్చింది. రెండుసార్లు చెయ్యి చాపింది, రెండుసార్లూ ఆయన చురచురా చూశాడు. పైన ముగ్గురూ చాలాసేపు నిలబడ్డారు. ఈలోగా గాలి ముదిరి నింకె పళ్ళు కొట్టుకోవడం మొదలైంది.

“మీరిద్దరూ వెళ్ళండి. నేను తరవాతి పడవలో వస్తా. తిరుగు నడక నా ఒక్కడిదే, పందెం మర్చిపోయారా?” అన్నాడు వీబె.

డౌట్సెన్ ఒప్పుకోలేదు. నింకె కూతురి మోచెయ్యి పట్టి లాగింది. “రావే. మీ నాన్న మొండివాడు, ఇక్కడే నిలబడి గెడ్డం పెంచుతాడు.”

ఓడలో బూట్లు కడుక్కుని, వేడివేడి బఠాణీ సూపు తెచ్చుకుని కూర్చున్నారు. నింకె మూడో గిన్నె కూడా పెట్టి పైన పళ్ళెం మూసింది. పడవలు వస్తూనే ఉన్నాయి. సూపు చల్లారింది. ప్రయాణికుల చివరి పడవ కూడా వచ్చేసిందన్నారు. వీబె రాలేదు.

డౌట్సెన్ పలక దగ్గరికి పరుగెత్తి ఊపిరందకుండా తిరిగొచ్చింది. “అమ్మా, నాన్న బిళ్ళ తెల్లగా ఉంది. ఓడలోనే ఉన్నాడంటున్నారు. గదిలో లేడు, పైన లేడు, ఎక్కడా లేడు!” తల్లి భుజం పట్టుకుంది. “ఎక్కడైనా పడిపోయుంటే? నీళ్ళలోకి... నే చెబుతూనే ఉన్నా, ఒంటరిగా వదలద్దని! వింటే కదా నువ్వు!”

నింకె తన కుడిచేతి వంక చూసుకుంది.

“నేనే తిప్పాను,” అంది. “ఓడెక్కగానే నాది తెల్లవైపుకి తిప్పుతూ మీ నాన్నదీ తిప్పేశాను. అలవాటు చొప్పున.”

ఒడ్డుకి వెంటనే కబురు పెట్టారు. అక్కడ గైడు ఇంకా జెండాలు పీకుతున్నాడు. రేడియోలో అతని గొంతు గరగరలాడింది. “ఆ, పెద్దాయన ఇక్కడే ఉన్నారు. బ్రహ్మాండంగా ఉన్నారు. దారి మధ్యలో నిలబడ్డారు, చుట్టూ పెంగ్విన్లు. ఒక పిల్ల ఆయన కోటు కొరుకుతోంది. రమ్మంటే రారు. ఇంకా ఒకటి దాటాలంటున్నారు.”

డౌట్సెన్ ఏడుస్తూనే పక్కున నవ్వేసింది. నింకె మాత్రం నవ్వలేకపోయింది.

వీబె మెట్లెక్కి వచ్చాడు. ముక్కు ఎర్రగా కందిపోయింది, కళ్ళు మెరుస్తున్నాయి. ఎవరి వంకా చూడకుండా నేరుగా పలక దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తాడు. బిళ్ళ తెల్లగా ఉంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నా బిళ్ళ ఎవరు తిప్పారు?”

“నేనే,” అంది నింకె.

“అంటే మీ లెక్కలో నేనెప్పుడో వచ్చేశాను. నేనక్కడ నా కాళ్ళ మీద నిలబడుంటే ఇక్కడ నా పని అయిపోయింది.” ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. “బిళ్ళ తిప్పావు, మేజోళ్ళు తొడిగావు, రేపు నన్ను ఆ ఆశ్రమం గదికి కూడా ఇలాగే తిప్పేస్తారు తల్లీ కూతుళ్ళు. నేను వచ్చానా లేదా అని ఒక్కరైనా అడగరా, నింకె?”

నింకె కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. “నువ్వు పడిపోయిన రోజు నేను పక్కింట్లో కూచుని కాఫీ తాగుతున్నా, వీబె. గోడ అవతల నువ్వు నేలమీద ఉన్నావు, నేను నవ్వుతూ ఇంకో కప్పు పోయించుకున్నా. అప్పట్నుంచి నా చేతులకి ఖాళీ దొరికితే భయమేస్తోంది. నీకోసం కాదు. నాకోసమే చేస్తున్నా ఇదంతా.”

వీబెకి కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. “పిచ్చిదానా,” అన్నాడు. “ఈ మాట అప్పుడే చెప్పచ్చుగా?”

డౌట్సెన్ ముక్కు తుడుచుకుంది. నాన్న అనుకున్నప్పుడల్లా వంటింట్లో పడిపోతున్న తండ్రే ఇన్నాళ్ళూ ఆమె కళ్ళముందు మెదిలాడు. దారి మధ్యలో నిలబడి పెంగ్విన్లని దాటించిన మనిషి సంగతి ఆమెకి ఇవాళే తెలిసింది. “పందెం గెలిచావు నాన్నా. ఇంటికెళ్ళగానే ఆ గది వద్దని చెప్పేస్తా. ఆలస్యంగా వచ్చినా సరే, గెలిచావు.”

“ఆలస్యం నాది కాదు, వాటిది. దారి వాటిదేగా,” అన్నాడు వీబె. “సూపేమైనా మిగిల్చారా, లేదా?”

మర్నాడు పొద్దున మరో ఒడ్డు. మేజోళ్ళు వీబె తనే తొడుక్కున్నాడు. ఒకటి తిరగేసి తొడుక్కున్నాడు, నింకె చూసి కూడా ఊరుకుంది. పలక దగ్గర ఆమె రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని నిలబడింది. వీబె వేళ్ళు చలికి బిగుసుకుపోయి బిళ్ళ జారుతోంది. ఒకసారి జారింది. రెండోసారీ జారింది. వెనక వరసలో ఎవరో గొంతు సవరించారు.

నింకె గిర్రున వెనక్కి తిరిగింది. “కాస్త ఆగండి. వంతెన ఇంకా దిగలేదు!”

వీబె నవ్వడంతో బిళ్ళ మళ్ళీ జారింది. నాలుగోసారికి తిరిగింది. ఎర్రగా.

నింకె గుండె నిండా ఊపిరి పీల్చుకుని హుషారుగా మెట్ల వైపు నడిచింది. వెనక నుంచి వీబె కేకేశాడు.

“నింకే! నీ బిళ్ళో?”

చూస్తే తెల్లగానే ఉంది. వీబె దాని పక్కనే, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, ఆమె వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు.