నొక్కని ఎర్ర బటన్

అసురసంధ్య... మనిషి ముఖం మనిషికి ఆనని వేళ. కరాసువా రైలు గేటు మీద మేఘాలు ఘోరంగా గర్జించాయి. దేవదారు కొమ్మ మీది గుడ్లగూబ మూడుసార్లు కూసి ఊరుకుంది.

గేటు పక్కనున్న, బాటసారులను కాచే జిజో దేవుడి రాతిబొమ్మకు మియోకో కొత్త ఎర్రగుడ్డ కడుతోంది. ఏడాది కిందట ఇదే పూట పొరుగింటి తోకీ కారు ఈ పట్టాల మీదే ఆగిపోయింది. రైలును ఆపే ఎర్ర బటన్ మియోకో చేతికి అందేంత దూరంలోనే ఉంది. నొక్కితే వందలమందికి ఆలస్యమవుతుంది, ఆపిన మనిషి ఎవరని అందరూ తొంగిచూస్తారు... అని వెనకాడింది. తోకీ బతకలేదు. ఆ సంగతి మియోకో ఎవరికీ చెప్పలేదు. తలచుకుంటే తన ముఖం తనకే చూసుకోబుద్ధి కాదు.

గేటు వెనక పాడుపడిన గుడిసెలో ఉండే క్షుద్రోపాసకుడు గెంజోకు మాత్రం ఆ సంగతి తెలుసు. పట్టాల కింద కపాలం పాతి, ఏటా ఒక నరబలి ఇస్తానని దానికి మాటిచ్చినవాడు వాడే. మనుషులు దాచుకున్న సిగ్గుతోనే వాడి మంత్రం పనిచేస్తుంది.

అంతలో తోకీ కూతురు కసుమి, తల్లి సంవత్సరీకానికి పూలు తీసుకుని కారులో వచ్చింది. ముందు బండ్లు నిలిచిపోవడంతో పట్టాల మీదే ఆగింది. ముందు బండ్లు కదిలిపోయాయి గానీ, అంతలోనే గంటలు మోగాయి... ముందూ వెనకా అడ్డకర్రలు దిగాయి.

"కర్ర విరగ్గొట్టుకుని వచ్చెయ్యమ్మా!" అని మియోకో కేకేసింది.

"రైల్వేవాళ్ల కర్ర విరిగిపోతుందేమో పిన్నీ..."

ఆ ఒక్క క్షణపు మొహమాటం గెంజోకు చాలు. ఎముకల మాల తిప్పుతూ గుడిసెలోంచి వచ్చి మంత్రం విసిరాడు. ఇంజను ఆగిపోయింది. కసుమికి మాటలు వినిపిస్తున్నా, కనుగుడ్లు తేలిపోయాయి, చేతులు స్టీరింగుకు బిగుసుకుపోయాయి.

మియోకో బటన్ వైపు చెయ్యి చాపింది.

"నొక్కు చూద్దాం," అన్నాడు గెంజో. "పోయినేడు ఎందుకు నొక్కలేదని ఈ పిల్ల అడుగుతుంది. ఏం చెబుతావు?"

ఆమె చెయ్యి గాల్లోనే రాయైపోయింది. మలుపులో రైలు దీపాలు కనిపించాయి...

"చెబుతాను," అంది మియోకో. "కసుమీ, పోయినేడు నేనిక్కడే ఉన్నాను. మీ అమ్మ కారు చూశాను. నలుగురూ ఏమనుకుంటారోనని బటన్ నొక్కలేదు."

ఆ మాటతో చెయ్యి కదిలింది. నొక్కింది. ఎర్రదీపాలు భగ్గుమన్నాయి... రైలు కీచుమంటూ కారుకు పది బారల దూరంలో ఆగింది.

బలి తప్పింది. పట్టాల కింద నేల నెర్రెలిచ్చి కపాలం పైకి లేచింది. దాని శూన్యనేత్రాల్లోంచి తోకీ గొంతు వినిపించింది.

"ఈ ఏటి బలి నువ్వే, గెంజో."

వాడు పరుగెత్తబోయాడు. పిడుగు పడింది... ఒక్క ఆర్తనాదం, అంతే. వాడున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది.

రైలు కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. మియోకో వాళ్లకు నడుము వంచి క్షమాపణ చెప్పుకుంది. మంత్రం వీడిన కసుమి, నలిగిన పూలు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ రోజు అమ్మ పిలిచిందా పిన్నీ?"

మియోకో వంచిన తల ఎత్తలేదు.

"పిలిచిందమ్మా. నా పేరు పెట్టే పిలిచింది."