ఒంటి మేజోడు

ఉదయగిరిలో ఆత్మకూరు బస్సుకు వేళైంది. కామాక్షి ఇంకా బావ సంచీ సర్దుతూనే ఉంది.

"ఏంది కామాక్షీ, నన్ను పంపిస్తా ఉండావా, ఇల్లంతా పంపిస్తా ఉండావా?" అన్నాడు రాజమోహన్ గడపలో నిలబడి.

"ఆ మంచుగడ్డ మీద చింతకాయ పచ్చడి ఎవరు పెడతారు నీకు? కాస్త నోరు మూసుకో బావా."

రాజమోహన్ రేడియో పని నేర్చినవాడు. ఆ యేడు, 1957లో, దేశదేశాలవాళ్లు కలిసి భూమినీ ఆకాశాన్నీ కొలుస్తున్నారు. అతనికి దక్షిణ ధ్రువం వైపు పోయే ఓడలో చోటు దొరికింది. రాలే చుక్కల జాడలు పైగాలికి ఎటు కొట్టుకుపోతాయో రేడియోతో పట్టి చూడడం అక్కడి పని. బయల్దేరేలోగా కామాక్షి పెళ్లికి మాటిస్తే చాలనుకున్నాడు. ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు.

కామాక్షి తల్లి లేని పిల్ల. నాయన ఆమెను తన చెల్లెలు పిచ్చమ్మ ఇంట్లో, అంటే రాజమోహన్ ఇంట్లోనే, దించి రంగూన్ పోయాడు. ఆనాడు ఆరేళ్ల కామాక్షి ముద్దుగా నాయన సంచీ సర్దింది. పాత చెప్పులు కూడా మరవలేదు. పోయేవాళ్ల వస్తువొకటి ఇంట్లో మిగలాలనీ, అప్పుడే మనిషి వెనక్కి వస్తాడనీ అత్త తర్వాతెప్పుడో చెప్పింది. ఆ మాట ఆమెను ఈనాటికీ వదల్లేదు.

ఆత్మకూరు దాకా పిచ్చమ్మతో సహా ముగ్గురూ కలిసే వెళ్లారు. నెల్లూరు బస్సు కోసం నిలబడితే చినుకులు మొదలయ్యాయి. తుండుకోసం రాజమోహన్ సంచీ తెరిచాడు.

"నువ్వల్లిన ఉన్ని మేజోడు ఒకటే ఉండాదే! నేనేమన్నా కొంగనా, ఒంటికాలి మీద నిలబడేదానికి?"

కామాక్షి తలొంచుకుంది. చెయ్యి మాత్రం కొంగు ముడి మీదికి పోయింది.

పిచ్చమ్మకు అర్థమైపోయింది. "ఓసి పిచ్చిదానా! నేనన్నది ఏ పాతగుడ్డనో. మంచులోకి పోయేవాడి మేజోడా దాచేది?"

"పాతగుడ్డ కోసం ఎవరొస్తారత్తా?"

రాజమోహన్ నవ్వబోయి ఆగాడు. "అక్కడ, మబ్బులకు చాలా పైన, గాలికీ సముద్రంలాగే ఆటుపోట్లు ఉంటాయంట కామాక్షీ. రోజుకు రెండుసార్లు అటు పోయి ఇటు వస్తాదంట."

"గాలికేం బావా, దానికి ఓడతో పన్లేదు." కొంగు ముడి విప్పి మేజోడు అతని చేతిలో పెట్టింది. "ఇందా. కాలు గడ్డ కట్టిందంటే నాకు కుంటి మొగుడొస్తాడు."

ఆ మాట రాజమోహన్‌కు ఎక్కేసరికి బస్సు వచ్చేసింది. గబుక్కున ఎడమకాలి చెప్పు విప్పి ఆమె పాదాల పక్కన వదిలాడు.

"జాగ్రత్తగా పెట్టు. మంచి జత, చెడగొట్టుకోలేను!" అని ఒంటి చెప్పుతో గెంతుతూ బస్సెక్కాడు. వానలో నిలబడి కామాక్షి పగలబడి నవ్వింది.

1959 మాఘంలో రాజమోహన్ వచ్చాడు. గడప దాటకముందే "నా చెప్పేదీ?" అన్నాడు. వైశాఖంలో పెళ్లి. పిచ్చమ్మ పందిట్లో అన్నకోసం ఒక పీట ఖాళీగా ఉంచింది.

1941లో రంగూన్ పోయిన కామాక్షి నాయన మళ్లీ రాలేదు.