ఒకటంటే ఆగు, రెండంటే రా

మా అద్దాల షాపు వీధి మలుపులో ఉంటుంది. ముందు గది నిండా నిలువుటద్దాలు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో గాజు కోసే బల్ల, అంచులు నూరే మిషను, ఒక మూల కిరసనాయిలు డబ్బా. గాజు మీద గీత పెట్టేముందు కట్టర్‌ని కిరసనాయిల్లో ముంచాలి, లేకపోతే గీత సాఫీగా పడదు. అందుకే మా ఇంట్లో మగవాళ్ళ చొక్కాలు ఎంత ఉతికినా అదే కంపు. పెళ్ళయిన కొత్తలో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ వాసన కోసమే మా ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను.

షెడ్డు పక్కన మా పికప్ నిలబడి ఉండేది. వెనక గాజు పలకలు నిలబెట్టడానికి చెక్క చట్రం. ముసలి బండి. రెండో గేరు పడాలంటే బతిమాలాలి. ఎడమ వైపు కిటికీ అద్దం పైకి రాదు, వానపడితే ఒళ్ళో గుడ్డ పరుచుకు కూర్చోవాలి. పొగ సంగతి అడక్కండి, దోమలు కూడా మా వీధి మానేశాయి.

గాజు బండిని వెనక్కి తియ్యడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చిన్న కుదుపుకే పలక పగులుతుంది. ఒకరు స్టీరింగు దగ్గర ఉంటే ఒకరు బండి వెనక నిలబడాలి. వెనకున్నవాళ్ళు అరిస్తే ఇంజను మోతలో కలిసిపోతుంది కాబట్టి బాడీ మీద తడతారు. ఒకటంటే ఆగు. రెండంటే రా. మా ఆయన చేతిలో ఎప్పుడూ ఇత్తడి పిడి కట్టర్ ఉండేది, దాంతోనే తట్టేవాడు. ఠంగ్. మా మరిది అరచేత్తో కొట్టేవాడు. దబ్. వెనకున్నది అన్నో తమ్ముడో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మా మరిది బండి వెనక్కి తీస్తుంటే, మా ఆయన బండికీ షెడ్డు గోడకీ మధ్య నలిగి పోయాడు.

"లోపల మిషను మోత. ఏమీ వినపడలేదు. అన్న అసలు తట్టలేదు," అని మా మరిది వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తల బాదుకున్నాడు, నేలమీద పొర్లాడు. చివరికి అందరూ వాణ్ణే ఓదార్చారు.

మిషను ఆగి ఉంది. ఆపింది నేనే. టీ పెడదామని లేచాను. అప్పుడు విన్నాను. ఠంగ్. ఒక్కటే. ఆగు అని. ఇంజను ఆగలేదు. ఇంకా గట్టిగా మూలిగింది.

ముందు రోజే అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. మా గాజు పలకలు దొడ్డిదారిన పక్క బజారు షాపుకి చేరుతున్నాయని మా ఆయన కనిపెట్టాడు. "రేపటినుంచి నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు తమ్ముడితో. అదీ సంగతి. కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. పాపం, బాధలో ఏదో మాట్లాడుతోందన్నారు.

మా అత్తయ్య నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"నోరు కట్టుకో అమ్మాయ్. రక్తం రక్తమే. అన్నదమ్ములు ఎప్పటికైనా ఒకటవుతారు. మధ్యలో చెడ్డయ్యేది నువ్వే."

"ఒకడు పోయాడు కదత్తయ్యా, ఇంకెక్కడ ఒకటవుతారు?" అన్నాను.

ఆవిడ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నోరు కట్టుకున్నాను. కడుపుమంటకి మాత్రం కట్టు వెయ్యలేకపోయాను. వాడు రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటుంటే ఆ చేతివేళ్ళనే చూసేదాన్ని. వాడు చేసింది వాడికి తిరిగి రావాలి. అంతకన్నా నాకు ఈ లోకంలో ఏమీ అక్కర్లేదు.

అలాంటి రోజుల్లో వాడే మాట కదిపాడు.

"వదినా, బండి మార్చేద్దాం. ఎక్స్ఛేంజ్‌లో పాతది ఇచ్చేస్తే కొత్త పికప్ వస్తుంది. ఏసీ, పవర్ స్టీరింగు, వెనక కెమెరా. ఇంక బండి వెనక మనిషి నిలబడే పనే లేదు." ఆ చివరి మాట అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఇప్పుడేం తొందర?"

"ఇంకో ఏడాది పోతే దీన్ని పాత ఇనుపవాడు కూడా ముట్టుకోడు."

అబద్ధమేం కాదు. ఇంజను ఆయిలు తాగుతోంది. క్లచ్ తొక్కీ తొక్కీ నా మోకాలు పట్టేస్తోంది. మా ఆయన పోయాక పట్టుదలకి డ్రైవింగ్ నేర్చుకుని, చిన్న సరుకు నేనే వేసుకెళ్తున్నాను. పలక పగలకుండా చేరిస్తేనే మళ్ళీ పిలుస్తారు, ఈ బండితో అది రోజూ గండమే. షాపు నిలబడాలంటే కొత్తది కావాలి. కానీ ఆ ఠంగ్‌మన్న చప్పుడు విన్నది ముగ్గురం. నేను, వాడు, ఆ బండి. దాన్ని ఎవరి చేతిలోనో పెట్టేసి వస్తే నా పక్షాన ఇంకెవరున్నారు? అందుకని చూద్దాంలే అంటూ నాన్చాను.

నాన్చే రోజుల్లోనే ఒకటి గమనించాను. మా మరిది బండిని వెనక్కి తియ్యడం మానేశాడు. ఎప్పుడూ మూతి లోపలికి పెట్టి ఆపేవాడు కాదు, తిన్నగా బయటికి పోయేలా వీధిలోనే వదిలేవాడు. సందు తప్పితే బజారంతా చుట్టి వచ్చేవాడు గానీ రివర్సు గేరు మీద చెయ్యి వేసేవాడు కాదు.

"ఏం మరిదీ, రివర్సు పడట్లేదా?" అని అడిగాను ఒకరోజు.

"పడదేం? పడుతుంది. ఎందుకు పడదు? ఎవరన్నారు?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్క ప్రశ్నకి నాలుగు జవాబులు.

తరవాత కొన్నాళ్ళకి మా వీధి తవ్వారు. ముందు దారి లేదు. వాడు వెనక్కి తియ్యక తప్పలేదు. సాయంత్రం, వెలుగు సన్నగిల్లే వేళ. నేను షెడ్డులో గాజు ముక్కలు ఊడుస్తున్నాను. ఇంజను వెనక్కి మూలిగింది... ఠంగ్.

చేతిలో చీపురు జారిపోయింది. బయటికి పరిగెత్తాను. బండి ఆగి ఉంది. వాడు దిగి, వెనక్కి వచ్చి, ఖాళీ గోడకేసి చూస్తున్నాడు. ముఖాన నెత్తుటి చుక్క లేదు. గాలిలో కిరసనాయిలు వాసన. డబ్బా మూత పెట్టే ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు వదినా. రాయి తగిలినట్టుంది."

ఆ రోజు నాకు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. ఎందుకంటే నేను ఎన్నోసార్లు ఆ బండి వెనక్కి తీశాను. తీసిన ప్రతిసారీ చెవులు రిక్కించుకున్నాను. ఒక్కసారి తట్టండి, ఒక్కసారి, అని స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను కూడా. నాకు ఎప్పుడూ తట్టలేదు. వాడికి మాత్రం తడుతున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "సరే, మార్చేద్దాం. కానీ పాత బండిని నువ్వే నడిపి అప్పజెప్పాలి."

వాడి ముఖం వెలిగిపోయింది. మా అత్తయ్య మాత్రం కంచంలో చెయ్యి ఆపి నన్ను చాలాసేపు చూసింది.

షోరూం వెనక పాత బండ్ల యార్డు. మేం చేరేసరికి చీకటి పడుతోంది, వాన దంచుతోంది, కరెంటు పోయింది. అద్దం పైకి రాని కిటికీ లోంచి జల్లు నా ఒళ్ళోకి కొడుతోంది. వరసల్లో నిలబెట్టిన బండ్లు, వాటి గుడ్డి హెడ్‌లైట్లు. తడిసిన తుప్పు వాసన. యార్డు మేనేజరు గొడుగు పట్టుకుని వచ్చి లోపలికి వంగాడు.

"ఆ చివర గోడ కనపడుతోందా? అక్కడికి రివర్సులో పెట్టెయ్యండి. మూతి ఇటుండాలి. నేను టార్చి తెస్తాను."

ఆయన వెళ్ళిపోయాడు. మా మరిది కదల్లేదు.

"వదినా, నువ్వు దిగి వెనక నిలబడతావా? కాస్త బండి మీద తడుదువు గాని."

"నీ వెనక నేను నిలబడను," అన్నాను. "చెప్పేవాళ్ళుంటే వాళ్ళే చెప్తారు."

వాడు గేరు వేశాడు. బండి మెల్లగా వెనక్కి కదిలింది.

ఠంగ్.

బ్రేకు తొక్కాడు. వాన రేకుల మీద దరువేస్తోంది.

"విన్నావా వదినా?"

"ఏం వినాలి?"

మళ్ళీ కదిలించాడు. కొంచెం దూరం...

ఠంగ్.

ఈసారి చప్పుడు దగ్గరగా వచ్చింది. మా సీటు వెనకే, రేకుకి అవతల. క్యాబిన్ నిండా కిరసనాయిలు వాసన. వాడి చెంపల మీద చెమట కారుతోంది.

"ఎవడ్రా అక్కడ!" అని అరిచాడు. గేరు న్యూట్రల్‌లోకి తోశాడు. హ్యాండ్‌బ్రేకు చివరిదాకా లాగాడు. నేను చూశాను. గట్టిగా, రెండు చేతులతో లాగాడు. తలుపు తీసుకుని వానలోకి దూకాడు.

పక్క అద్దంలో చూస్తున్నాను. ఎర్ర లైటు వెలుగులో వాన చినుకులు. వాడి నీడ బండి వెనక్కి వెళ్ళింది. గోడ దగ్గర ఆగింది.

"ఎవరూ లేరు వదినా..." నవ్వబోయాడు పాపం.

ఠంగ్. ఠంగ్.

రెండు.

డ్రైవరు సీటు స్ప్రింగు కిర్రుమంది. మా ఆయన కూర్చున్నప్పుడు ఎలా అనేదో అలాగే. సీటు మధ్యలో మెల్లగా గుంట పడింది. హ్యాండ్‌బ్రేకు కిందికి దిగింది. రెండో గేరుకి బతిమాలించుకునే బండి... రివర్సు వెన్నలా పడింది.

నేల చదునుగానే ఉంది. బండి వెనక్కి పోతోంది. తొందరేం లేదు దానికి.

దబ్.

అరచేయి. ఒకటి. ఆగు అని.

"వదినా!"

దబ్... దబ్... ఒక్కొక్కటిగా.

హ్యాండ్‌బ్రేకు నా మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తడిసిన గుడ్డని మడత పెట్టాను. మళ్ళీ విప్పి మడత పెట్టాను.

తరవాత వాన ఒక్కటే వినపడింది.

మేనేజరు టార్చి పట్టుకుని పరుగున వచ్చాడు. వెలుగు గోడ మీద పడగానే గొడుగు వదిలేశాడు. "అయ్యో! అరవలేదా అమ్మా? తట్టలేదా?"

"వాన మోత," అన్నాను. "ఏమీ వినపడలేదు."

అచ్చం వాడు అన్నట్టే అన్నాను. అని, కడుపులో మంట చల్లారిందో లేదో చూసుకున్నాను. చల్లారింది. అబద్ధం చెప్పను, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

రెండు ప్రాణాలు తిన్న బండి ఇంకా దేనికి, వదిలించుకో అన్నారు అందరూ. నాకూ దాంతో పని అయిపోయిందనిపించింది. షోరూంవాళ్ళు తమ పేరు బయటికి రాకుండా ఉంటే చాలనుకుని, పాతదాన్ని మారు మాట్లాడకుండా తీసుకున్నారు. మా అత్తయ్య కొడుకు శవం మీద పడి ఏడవలేదు. అందరూ వెళ్ళాక గుమ్మంలో కూర్చుని, చీర కొంగు సర్దుకుంటూ, ఎవరితోనో చెప్తున్నట్టు అంది.

"ఇద్దరూ ఒకచోటికి చేరారు. ఇంక కొట్టుకోరు."

కొత్త పికప్ మొన్న సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లటి బండి. సీట్లకి ఇంకా ప్లాస్టిక్ కవరు, లోపలంతా కొత్త వాసన. రెండో గేరు అడక్కుండానే పడింది. అద్దాలన్నీ పైకొచ్చాయి. షెడ్డు ముందుకొచ్చి రివర్సు వెయ్యగానే ముందున్న చిన్న తెర వెలిగింది. వెనక గోడ, దాని కింద వాన నీటి మడుగు, మూలన కిరసనాయిలు డబ్బా. అంతా స్పష్టంగా కనపడుతోంది. మనిషెవరూ లేరు.

మెల్లగా వెనక్కి తీశాను.

ఠంగ్.

బ్రేకు తొక్కాను. గుండె నోట్లోకి వచ్చింది. భయంతో కాదు. ఇన్నాళ్ళకి... నాకు కూడా తట్టాడు.

"ఏవండీ," అన్నాను. కళ్ళ నిండా నీళ్ళు. "ఆగాను. ఇదిగో, ఆగాను."

తెరలో ఎవరూ లేరు. మడుగులో నీళ్ళు మాత్రం కదిలాయి.

బండి పక్కనుంచి ఏదో రాసుకుంటూ ముందుకొస్తోంది. కుడివైపు, నా తలుపు వైపు. కిరసనాయిలు వాసన వెచ్చగా తగిలింది. అద్దం దించబోయాను. అప్పుడు వినపడింది... అవతలి వైపు కూడా ఇంకేదో రాసుకుంటూ వస్తోంది. అదే నడక. అడుగులో అడుగు కలిపినట్టు.

అద్దం మీంచి చెయ్యి తీసేశాను. తలుపులు లాక్ చేశాను. ఇంట్లోకి చూశాను. గుమ్మంలో మా అత్తయ్య కూర్చుని ఉంది. ఇటే చూస్తోంది. నా బండికి అటొకసారి, ఇటొకసారి చూసి, చాలా రోజుల తరవాత నవ్వింది.

రెండు అడుగులూ ఒకేసారి ఆగాయి.

నా తలుపు మీద... ఠంగ్.

అటు తలుపు మీద... దబ్.

మొత్తం రెండు.